దూరాన్వయం ఎవరి నేరం?

“అర్థం కాకపోతే పాఠకుడు ఎదగాలి.” ఈ మాట సాహిత్య సభల్లో విన్నాను. పుస్తకాల ముందుమాటల్లో చదివాను. దాచడమెందుకు, ఒకప్పుడు నేనూ అన్నాను. ఒక వ్యాసం మొదటిసారి చదివినప్పుడు తల తిరిగితే అది రచయిత లోతుకు గుర్తు. రెండోసారి కూడా తిరిగితే పాఠకుడి అల్పత్వానికి గుర్తు. ఏ విడతలోనూ నేరం రచయిత మీదికి రాదు. ఇంత సుఖమైన న్యాయస్థానం మరే వృత్తిలోనూ లేదు. వడ్రంగి చేసిన కుర్చీ కూర్చోగానే విరిగితే, “తమరు ఇంకా కూర్చోవడం నేర్చుకోవాలి” అని అతడు అనలేడు. రచయితలం మనం మాత్రం అనగలుగుతున్నాం, పైగా చప్పట్లు కూడా కొట్టించుకుంటున్నాం.

ఈ టపా ఆ మాట మీద నా ఫిర్యాదు. కొరుకుడుపడని వాక్యం చాలా సందర్భాలలో లోతైన ఆలోచనకు గుర్తు కాదని, చదివేవాడి మనసు ఎలా పనిచేస్తుందో రాసేవాడు పట్టించుకోలేదనడానికి గుర్తని నా వాదం. ఆ మనసు ఎలా పనిచేస్తుందో ఊహించుకుంటూ కూర్చోనక్కర లేదు. దాన్ని కొలిచి చూసే శాస్త్రం ఒకటి గత అరవై డెబ్బై ఏళ్ళుగా పెరుగుతూ వచ్చింది. కాగ్నిటివ్ సైన్స్ అంటారు. మనం సంజ్ఞాన శాస్త్రం అనుకుందాం. రాతకు సంబంధించి అది చెప్పే నాలుగైదు సంగతులు తెలుగు వాక్యానికి ఎంత గట్టిగా తగులుతాయో చెప్పాలని నా ప్రయత్నం. అయితే ఎవరినో బోనులో నిలబెట్టే ముందు నా నేరం నేను ఒప్పుకోవాలి.

మా పిన్నికి మధుమేహం. డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంగ్లీషులో ఉంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాసిపెట్టమని నన్ను అడిగింది. పిన్ని చదువురాని మనిషి కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు వారం తప్పకుండా చదివి, కథ ఎక్కడ దారి తప్పిందో నాకు విడమరిచి చెప్పిన మనిషి. ఆ మాత్రల్లో ఒకదాని గురించి డాక్టరు ప్రత్యేకంగా హెచ్చరించాడు. పొద్దున ఏమీ తినని రోజు అది వేసుకోకూడదు, తిన్న రోజు మాత్రం మానకూడదు. నేను భాష తెలిసినవాణ్ణి కదా, ఆ రెండు ముక్కలనూ కలిపి ఒకే వాక్యంగా కూర్చాను.

“ఉదయపు ఆహారం స్వీకరించని పక్షంలో తప్ప ఈ మాత్రను మానరాదు.”

రాసి, చదువుకుని, మురిసిపోయాను కూడా. వ్యాకరణం నిర్దుష్టం. అర్థం డాక్టరు చెప్పినదే, వెంట్రుకవాసి తేడా లేదు. తొలి ఏకాదశి నాడు పిన్ని ఉపవాసం ఉంది. కాగితం చూసుకుంది, మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు, వణుకు. వసారాలో కూలబడిపోయింది. పక్కింటావిడకు ఆ జబ్బు సంగతి తెలుసు కనుక వెంటనే పంచదార నీళ్ళు తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గండం గడిచింది. నేను వెళ్ళేసరికి పిన్ని మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆ కాగితం కొంగు ముడిలోంచి తీసి చూపించింది.

“మానరాదు అని నువ్వే రాశావు కదరా!” అంది. నేను నొచ్చుకున్నానేమోనని మళ్ళీ తనే సర్దింది. “నాకే సరిగ్గా తెలియలేదేమోలే. నీ అంత చదువుకున్నదాన్నా?”

ఆ రెండో మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. తప్పు చేసినవాణ్ణి నేను. సంజాయిషీ చెప్పుకున్నది ఆమె. అస్పష్టమైన రాత చేసే అసలు అన్యాయం ఇదే. చదివినవాడికి అర్థం కాకపోతే తన బుద్ధినే అనుమానించుకుంటాడు. రాసినవాడి దగ్గరికి ఫిర్యాదు ఎప్పటికీ చేరదు. చేరదు గనుకనే మనం “పాఠకుడు ఎదగాలి” అంటూ నిశ్చింతగా ఉండగలుగుతున్నాం.

ఇంతకూ ఆ వాక్యంలో తప్పు ఎక్కడుంది? మాటలు బరువైనవని మీరు అనవచ్చు. సరే, తేలిక చేద్దాం. “పొద్దున తినకపోతే తప్ప ఈ మాత్ర మానొద్దు.” ఇప్పుడు ఒక్క సంస్కృత సమాసం లేదు, అచ్చమైన వాడుక భాష. అయినా చిక్కు చెక్కుచెదరలేదు. నా మొదటి వాక్యంలో నిషేధాలు లెక్కపెట్టండి. “స్వీకరించని” ఒకటి. “తప్ప” రెండు. మానడమంటేనే చేయకపోవడం గనుక అది మూడు. చివరి “రాదు” నాలుగు. ఎనిమిది మాటల వాక్యంలో నాలుగు నిషేధాలు! 1972లో హెర్బర్ట్ క్లార్క్, విలియం చేస్ అనే మనోవిజ్ఞానులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక నక్షత్రం గుర్తు, ఒక కూడిక గుర్తు ఉన్న బొమ్మ చూపి, నక్షత్రం పైన ఉందనో, పైన లేదనో ఒక వాక్యం ఇచ్చి, అది నిజమా కాదా చెప్పమన్నారు. “లేదు” అన్న వాక్యాన్ని సరిచూసుకోవడానికి మనుషులకు స్పష్టంగా ఎక్కువ సమయం పట్టింది. చదువుకున్నవాళ్ళకు, ఒక్క నిషేధానికి, ఎదురుగా బొమ్మ ఉండగా! నేను మా పిన్ని ముందు నాలుగు పెట్టాను. ఏ మనసైనా చేసే పనే ఆమె మనసూ చేసింది. మోయలేనిది జారవిడిచి, చివర దొరికినదాన్ని పట్టుకుంది. చివర దొరికింది “మానరాదు”.

ఇప్పుడు వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద వేరే కాగితం ఉంది. “పొద్దున తింటే ఈ మాత్ర వేసుకో. తినకపోతే వేసుకోకు.” సాహిత్య విలువ ఏమీ లేని రెండు వాక్యాలు. నేను రాసినవాటిలో అంతకన్నా ఉపయోగపడినవి ఇంకేవీ లేవు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో, దేన్ని అనేవన్నీ ముందు వచ్చి, ఏం చేశారన్నది చివర వస్తుంది. అంతవరకూ పాఠకుడు సంచులు మోస్తూ బస్సు కోసం నిలబడ్డ ప్రయాణికుడిలాంటివాడు. బస్సు వచ్చేదాకా ఏ సంచీ కింద పెట్టడానికి లేదు. మరి ఎన్ని సంచులు మోయగలడు? 1956లో జార్జ్ మిల్లర్ తన ప్రసిద్ధ వ్యాసంలో ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను తిరగదోడి, గొణుక్కుంటూ వల్లెవేసుకునే అవకాశం లేకపోతే నిజమైన సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందన్నాడు. ఇది మాటల లెక్క కాదు, మూటల లెక్క. బాగా తెలిసిన విషయమైతే పది మాటలు ఒకే మూటలో సర్దుకుంటాయి. తెలియని విషయమైతే ఒక్కొక్క మాటా ఒక్కొక్క మూటే. పండితుడికి తేలికగా ఉన్న వాక్యం కొత్తవాడికి బరువెక్కడానికి కారణం కొంతవరకు ఇదే.

ఈ వాక్యం చదవండి.

“రమ సీత గోపి ఊరెళ్ళాడని అనుకుందని చెప్పింది.”

ఆరు మాటలు. అన్నీ మూడో తరగతి పిల్లవాడికి తెలిసినవే. వ్యాకరణం తప్పు లేదు. అయినా మీరు కనీసం ఒకసారి వెనక్కి వెళ్ళి వచ్చారని నా నమ్మకం. ఇప్పుడు ఇది చదవండి.

“గోపి ఊరెళ్ళాడని సీత అనుకుందని రమ చెప్పింది.”

అవే ఆరు మాటలు. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు. చోటు మాత్రం మారింది. మొదటి వాక్యంలో ముగ్గురు మనుషులు వరుసగా వచ్చి నిలబడ్డారు, ముగ్గురి క్రియలూ చివర గుంపుగా వచ్చాయి. ఎవరి క్రియ ఎవరిదో పాఠకుడే పంచిపెట్టాలి, అదీ తలకిందుల వరుసలో. రెండో వాక్యంలో ఏ మనిషి పని ఆ మనిషి పక్కనే పూర్తయింది. ఒక వాక్యం కడుపులో ఇంకొకటి, దాని కడుపులో మరొకటి ఇరికించిన ఇలాంటి నిర్మాణాలు మనసుకు భారమవుతాయని నోమ్ చామ్‌స్కీ, మిల్లర్ 1963లోనే గుర్తించారు. తర్వాత ఎడ్వర్డ్ గిబ్సన్, ఒకదానికొకటి చెందిన మాటల మధ్య దూరం పెరిగినకొద్దీ ఆ భారం ఎలా పెరుగుతుందో ఒక సిద్ధాంతంగా కూర్చాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు వాక్యాల మీద కట్టిన సిద్ధాంతాన్ని తెచ్చి తెలుగుకు గుడ్డిగా అతికించడం నా ఉద్దేశం కాదు. మన పక్కనే ఉన్న హిందీ కూడా క్రియతో ముగిసే భాషే. శ్రవణ్ వాసిష్ఠ్, రిచర్డ్ లూయిస్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, హిందీ వాక్యంలో మధ్యలో కొన్ని మాటలు చేరినప్పుడు క్రియను చదవడం నెమ్మదించకపోగా వేగం పుంజుకున్న సందర్భాలు కనిపించాయి. మధ్యలో వచ్చిన మాటలు రాబోయే క్రియ ఎలాంటిదో ముందే సూచించడం అందుకు ఒక కారణం. అంటే దూరం ఒక్కటే దోషం కాదు. “రమకు సీత నిన్న బజారులో కొన్న పుస్తకం ఇచ్చింది” అన్నప్పుడు మనకు ఇబ్బంది లేదు, “రమకు” అనగానే ఏదో ఇవ్వడమో చెప్పడమో రాబోతుందని మనసు సిద్ధపడుతుంది. రమ, సీత, గోపి అని ఒకే రూపంలో ముగ్గురు తేలి, ఎవరికి ఏ పనీ ముడిపడనప్పుడే గందరగోళం.

అలాగని పొడుగు వాక్యం రాయకూడదని నేను అనడం లేదు. “లేచి, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, కాఫీ తాగి, పేపరు తిరగేసి, గొడుగు తీసుకుని ఆఫీసుకు బయలుదేరాడు.” ఎంత సాగినా ఇబ్బంది లేదు. ఒక పని ముగిసి ఇంకొకటి మొదలవుతోంది. ఒక సంచీ దింపాకే ఇంకో సంచీ ఎత్తుతున్నాం. మన భాషలోని ఈ “చేసి, చూసి, వెళ్ళి” అనే అసమాపక క్రియలు పాఠకుడి పాలిట వరాలు. ఎటొచ్చీ మనం వాటిని వదిలి, ఇంగ్లీషు వాక్యంలో చివర తోకలా వచ్చే వివరాలన్నిటినీ “చేసిన, కోరిన, పొందిన” అనే విశేషణాలుగా మార్చి నామవాచకం ముందు మూటలు కట్టి పెడుతున్నాం. ఇంగ్లీషువాడు ముందు మనిషిని చూపించి తర్వాత అతడి చరిత్ర చెబుతాడు. ఆ వాక్యాన్ని అనుకరించిన మనం చరిత్రంతా చెప్పి, చివర మనిషిని చూపిస్తాం. వివరాలు నాలుగైదు ఉన్నప్పుడు ఆ మనిషి వచ్చేలోగా చరిత్ర కాస్తా మరుపున పడుతుంది.

ఇదంతా పడమటి ప్రయోగశాలల సరుకని ఎవరైనా అనుకుంటే, మన అలంకారికులు దూరాన్వయాన్నీ క్లిష్టత్వాన్నీ దోషాలుగా లెక్కించారని గుర్తు చేస్తాను. మన శాస్త్రకారులు వాక్యం అర్థమివ్వడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు. సన్నిధి అంటే చెందిన మాటలు దగ్గరగా ఉండడం. ఆకాంక్ష అంటే ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడడం. గిబ్సన్ కొలిచిన దూరానికీ, హిందీ ప్రయోగంలో కనిపించిన ఎదురుచూపుకూ ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. అన్నీ మనవాళ్ళు ముందే కనిపెట్టేశారని జబ్బలు చరుచుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్ళు దోషానికి పేరు పెట్టారు. ఆ దోషం పాఠకుడికి ఎంత ఖర్చవుతుందో ఈనాటి శాస్త్రం కొలిచింది. పేరూ తెలిసి, ఖర్చూ తెలిసి, ఇంకా అదే పని చేస్తున్నవాళ్ళం మనం.

మనం ఎందుకిలా ఉన్నాం? నా అభిప్రాయంలో దీనికి మన గతంలోని ఒక గెలుపు కారణం. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాష కోసం జీవితాన్ని ధారపోశారు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశారు. ఆ పోరాటం న్యాయమైనది, గెలవవలసినదే, గెలిచింది. కానీ మనం ఆ గెలుపును మాటల గెలుపుగానే అర్థం చేసుకున్నాం. “చేయుచున్నాడు” పోయి “చేస్తున్నాడు” వచ్చింది గనుక పని అయిపోయిందనుకున్నాం. ఏటా ఆగస్టు 29న పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, ఆ వేదిక మీదే, శ్వాస ఆడనివ్వని వాక్యాలతో ఉపన్యాసాలు చదువుతున్నాం. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివేటప్పుడు నాకు మాటలకు నిఘంటువు కావలసి వచ్చింది. వాక్యం దారి తప్పి ఎవరినీ అడగవలసి రాలేదు. ఈనాటి వ్యాసాలు కొన్ని చదువుతుంటే ప్రతి మాటా తెలుసు, వాక్యం ఎటు పోతోందో మాత్రం తెలియదు.

మనమేమైనా తక్కువ తిన్నామా? బ్రౌజరును విహరిణి అనాలా, ఇంటర్నెట్టును అంతర్జాలం అనాలా అని ఎన్ని రాత్రులు వాదించుకున్నాం! ఆ వాదాల్లో నేనూ ఉన్నాను, వాటి మీద నాకు గౌరవమే తప్ప చిన్నచూపు లేదు. కానీ అంతర్జాలం అనే చక్కని మాటను తెచ్చి, అన్వయం కుదరని వాక్యంలో ఇరవయ్యో చోట కూర్చోబెడితే ఆ మాటకూ, భాషకూ, చదివేవాడికీ ఏం ఒరిగింది?

దీని ధర సాహిత్యంలో కన్నా బయటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. తెలుగులో ఉత్తర్వులు రావాలని అడిగాం, కొన్ని వచ్చాయి కూడా. ఎలా వచ్చాయి? ఈ కింది వాక్యం నేను కల్పించినదే. ఇలాంటివి ఏ కార్యాలయం గోడ మీదనో మీరే చూసి ఉంటారు.

“గత ఖరీఫ్ కాలంలో కురిసిన అకాల వర్షాల వల్ల దెబ్బతిన్న పంటలకు సంబంధించి నష్టపరిహారం కోరుతూ దరఖాస్తు చేసుకున్న రైతులలో బ్యాంకు ఖాతా వివరములు సమర్పించని వారు ఈ నెలాఖరులోగా సదరు వివరములు సమర్పించని యెడల వారి దరఖాస్తులు పరిశీలించబడవు.”

ఇది తన గురించేనా కాదా అన్నది రైతుకు ఇరవయ్యో మాట, “వారు”, దగ్గర గానీ తెలియదు. అక్కడిదాకా పంటలనూ, వర్షాలనూ, దరఖాస్తులనూ మోసుకొచ్చాక ఇంకో రెండు నిషేధాలు. ఇదే సంగతిని ఇలా చెప్పవచ్చు. “పంట నష్టపరిహారానికి దరఖాస్తు చేశారా? బ్యాంకు ఖాతా వివరాలు ఇంకా ఇవ్వలేదా? అయితే ఈ నెలాఖరులోగా ఇవ్వండి. ఇస్తేనే మీ దరఖాస్తు చూస్తాం.” మొదటి ప్రశ్న దగ్గరే రైతుకు తన సంగతి తెలిసిపోతుంది. చట్టానికి సంబంధించిన విషయం అలాగే రాయాలని గుమాస్తాలూ వకీళ్ళూ అంటారు. అమెరికాలో ఎరిక్ మార్టినెజ్, ఫ్రాన్సిస్ మొలికా, గిబ్సన్ కలిసి 2022లో ఈ సంగతే పరీక్షించారు. ఇంగ్లీషు ఒప్పంద పత్రాలు కఠినంగా ఉండడానికి విషయంలోని లోతు కారణమా, రాత కారణమా అని చూశారు. రాతే కారణమని తేలింది. అందులోనూ వాక్యంలో వాక్యం ఇరికించడం అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసింది. 2023లో అదే బృందం వందమందికి పైగా న్యాయవాదులకు రెండు రకాల పాఠాలూ ఇచ్చి చూసింది. వాళ్ళకూ తేలిక పాఠమే బాగా గుర్తుంది, వాళ్ళూ దాన్నే మెచ్చారు. వకీళ్ళకే అక్కరలేని కాఠిన్యాన్ని వకీళ్ళ పేరు చెప్పి ఎవరి కోసం కాపాడుతున్నట్టు?

మరి తెలిసినవాళ్ళూ, మంచివాళ్ళూ ఇలా ఎందుకు రాస్తారు? నా చీటీ విషయంలో నాకు దురుద్దేశం లేదు, పిన్ని మీద ప్రేమే ఉంది. అయినా రాశాను. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. కొందరు అందరికీ తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ దాని లయను బల్ల మీద వేళ్ళతో కొట్టాలి. ఎదుటివాళ్ళు అదేం పాటో చెప్పాలి. సగం సార్లు పోల్చుకుంటారని కొట్టినవాళ్ళు అంచనా వేశారు. నూట ఇరవై పాటల్లో పోల్చుకున్నవి మూడంటే మూడు. మాయాబజార్ పాట ఒకటి మనసులో పెట్టుకుని మీ ఇంట్లో ఇలాగే చేసి చూడండి. మీ చెవిలో సావిత్రి పడవలో కూర్చుని ఉంటుంది. ఎదుటివాడి చెవిలో టకటక మాత్రమే ఉంటుంది.

రచయిత పరిస్థితి అదే. తన వాక్యం వెనక పాట తనకు వినిపిస్తూనే ఉంటుంది. అది ఎదుటివాడికి వినిపించడం లేదన్న ఊహ కూడా రాదు. ఈ జబ్బుకు 1989లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో “జ్ఞాన శాపం” అని అర్థం వచ్చే పేరు వాడారు. మంచి బుద్ధి ఉన్నవాళ్ళు చెడ్డగా రాయడానికి ఇదే ముఖ్య కారణమని స్టీవెన్ పింకర్ 2014లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఈ శాపానికి విరుగుడు రచయిత తనలో తాను ఎంత ఆలోచించుకున్నా దొరకదు. పాట వినిపించని ఇంకో చెవి కావాలి.

ఇంకొక్క ప్రయోగం చెప్పి ఆపుతాను. 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఒక పేరా చదివించారు. వస్తువులను కుప్పలుగా విడదీయడం, ఒకేసారి ఎక్కువ పెట్టుకోకపోవడం, పని అయ్యాక మళ్ళీ సర్దడం గురించిన పేరా. అంతా తేలిక మాటలే, కానీ దేని గురించో తెలియదు. బట్టలు ఉతకడం గురించి అని ముందే చెప్పినవాళ్ళకు దాదాపు రెట్టింపు విషయాలు గుర్తున్నాయి. చదివాక చెబితే ఏ ప్రయోజనమూ లేకపోయింది. నాలుగు పేరాల ఉపోద్ఘాతం తర్వాత గానీ విషయం బయటపెట్టని మన వ్యాసకర్తలు ఈ చివరి సంగతిని గమనించాలి. ఐదో పేరాలో వచ్చిన విషయం మొదటి నాలుగు పేరాలను వెనక్కి వెళ్ళి బతికించదు.

ఇప్పుడు అభ్యంతరాలు. కవిత్వం మాటేమిటని మొదట అడుగుతారు. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారతాలు రెండూ ఒకే పద్యాల్లో నడుస్తాయి. అది కష్టమైన కావ్యం. ఆ కష్టం ఏమిటో పాఠకుడికి ముందే తెలుసు, దానికి తగిన ప్రతిఫలమూ ఉంది. అలాంటి కష్టాన్ని నేను వద్దనడం లేదు. ధ్వనికి పెద్ద పీట వేసిన ఆనందవర్ధనుడు కూడా, వెలుగు కావలసినవాడు ముందు దీపాన్ని చూసుకున్నట్టే వ్యంగ్యం కావలసినవాడు వాచ్యార్థాన్ని చూసుకోవాలన్నాడు. దీపంలో నూనె పోయడం మరచి చీకటినే ధ్వని అంటే ఎలా?

అన్నీ తేలిక చేస్తే పాఠకుడు సోమరి అవుతాడని రెండో మాట. పాఠకుడి దగ్గర ఉన్న ఓపిక పరిమితం. దాన్ని కర్తకు క్రియను వెతికి పెట్టడంలో ఖర్చు చేయిస్తే, మన ఆలోచనతో తలపడడానికి అతడి దగ్గర ఏమీ మిగలదు. మన ఆలోచన నిజంగా లోతైనదైతే ఆ ఓపికంతా దానికోసం దాచిపెట్టాలి.

సులభంగా రాస్తే చులకనవుతామనే భయం మూడోది. ఇది ఎవరూ పైకి అనరు, కానీ అసలు కారణం చాలాసార్లు ఇదే. డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన వ్యాసంలో దీన్నే పరీక్షించాడు. ఒకే రచనలో చిన్న మాటలు తీసి అనవసరంగా పెద్ద మాటలు పెట్టి చదివిస్తే, పాఠకులు ఆ రచయితను తక్కువ తెలివైనవాడిగా అంచనా వేశారు. ఆ వ్యాసం శీర్షికను మాత్రం అతడు కావాలనే కొరుకుడుపడని మాటలతో పెట్టాడు. ఆ ఏడాది నవ్విస్తూ ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ అతడికి దక్కింది. పాండిత్య ప్రదర్శన కోసం కట్టిన వేషం ఎదుటివాడికి వేషంగానే కనబడుతోందన్నమాట.

నేనిప్పుడు చేస్తున్నది చిన్న పని. రాసినదాన్ని నాలుగు రోజులు పక్కన పెడతాను, నా చెవిలోని పాట కాస్త సన్నగిల్లేదాకా. తర్వాత పిన్నికి చదివి వినిపిస్తాను. నేను నోరు విప్పను, వివరించను. ఏం చెప్పానో ఆమె మళ్ళీ నాకు చెప్పాలి. ఆమె తడబడిన చోట వాక్యం విరగ్గొట్టి మళ్ళీ కడతాను. “అర్థమైందా?” అని మాత్రం అడగను, ఆ ప్రశ్నకు మర్యాదస్థులందరూ అర్థమైందనే అంటారు.

ఈ టపా కూడా నిన్న రాత్రి వినిపించాను. మూడు చోట్ల ఆగమంది. రెండు సరిచేశాను. మూడోది తన గురించిన పేరా. “వసారాలో కాదురా పడింది, వంటింటి గడప దగ్గర” అంది. అది స్పష్టతకు సంబంధించిన దోషం కాదని ఎంత చెప్పినా వినలేదు. వాక్యాన్ని అలాగే ఉంచాను కనుక, సవరణను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మిత్రులారా, మీరూ మీ కొత్త టపాను ప్రచురించే ముందు ఇంట్లో ఎవరికైనా ఒక్కసారి చదివి వినిపించండి. వాళ్ళు తిరిగి చెప్పేటప్పుడు మధ్యలో అందుకోకుండా ఉండగలిగితే, పాఠకుడు ఎంత ఎదగాలో అప్పుడు మాట్లాడుకుందాం.